జ్వరం తగ్గింది, నడక పోయింది
ఆస్పత్రిలో చేరిన వృద్ధుల్లో ముప్పు ఎవరికో మొదటి రోజే తెలుసుకోవచ్చు

జ్వరమనో, ఆయాసమనో జిల్లా ఆస్పత్రిలో చేర్చిన ముసలాయన వారం పది రోజులకు కోలుకుంటాడు. జబ్బు నయమైందని చీటీ రాసి పంపుతారు. కాని తన కాళ్ళ మీద వార్డులోకి నడిచి వెళ్ళిన మనిషిని ఇంటి ముందు ఆటోలోంచి ఇద్దరు పట్టి దింపవలసి వస్తుంది. చెంబు పట్టుకొని దొడ్లోకి తనంత తాను పోయే పెద్దాయన ఇక ఒకరి సాయం లేనిదే లేవలేడు. వయసు మీద పడిందని ఇంటివారు సరిపెట్టుకుంటారు. ఇందులో ఆస్పత్రి మంచం పాలు కూడా చాలా ఉంది.

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో రెండు ఆస్పత్రుల్లో చేరిన 70 ఏళ్ళు పైబడినవారి పరిస్థితిని పరిశీలించి 2003లో ఫలితాలు ప్రకటించారు. స్నానం, బట్ట కట్టుకోవడం, మంచం దిగడం, మరుగుదొడ్డికి పోవడం, అన్నం తినడం - జబ్బుకు ముందు సొంతంగా చేసుకున్న ఈ పనుల్లో ఏదో ఒకటి చేసుకోలేని స్థితిలో నూటికి 35 మంది ఇంటికి వెళ్ళారు. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులనే పది రోజులు మంచం మీద ఉంచి చూస్తే కాళ్ళలో కండ సుమారు ఒక కిలో కరిగినట్టు 2007లో మరో పరిశోధనలో తేలింది. జబ్బు మనిషి సంగతి వేరే చెప్పాలా?

65 ఏళ్ళు దాటినవారి కోసం కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు 1999లో ఆరు ప్రశ్నలు ప్రకటించారు. జబ్బుకు ముందు రోజువారీ పనులకు ఒకరి సాయం కావలసి వచ్చేదా? జబ్బు చేశాక ఆ అవసరం పెరిగిందా? గత ఆరు నెలల్లో ఆస్పత్రిలో ఉన్నారా? చూపు సరిగా ఆనుతుందా? మతిమరుపు బాగా ఉందా? రోజూ మూడు రకాలకు మించి మందులు వాడుతున్నారా? వీటిలో రెండు లోపాలు కనబడినా జాగ్రత్త పడాలి. రక్తపరీక్షలతో పనిలేదు, పైసా ఖర్చు లేదు.

ఒకే నర్సు వార్డంతా చూసుకోవలసిన చోట ఇవన్నీ అడిగే తీరిక ఉండదు. అడగకపోయినా వెంట వెళ్ళినవారే చెప్పాలి. మంచం మీద పడి ఉన్న మనిషిని చూసి, ఎప్పుడూ ఇంతే కాబోలని డాక్టరు అనుకోవచ్చు. 'పదిహేను రోజుల క్రితం దాకా గేదెలు తోలుకెళ్ళేవాడండీ' అన్న ఒక్కమాట ఆయనకెంతో పనికొస్తుంది. రాత్రివేళ పెద్దావిడ ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడితే గాలి సోకిందని తాయెత్తుకు పరుగెత్తేవారు ఇంకా ఉన్నారు. జబ్బు, కొత్తచోటు, నిద్రలేమి, కొన్ని రకాల మందులు తెచ్చిపెట్టే మతి కలత అది. వెంటనే నర్సుకు చెప్పాలి. కళ్ళజోడు, చెవి మిషను, చేతికర్ర ఇంటి దగ్గర మరచిపోరాదు.

ప్రేమ కూడా ఒక్కోసారి చేటు చేస్తుంది. కూతురు ముద్దలు కలిపి నోట్లో పెడుతుంది. 'కదలకు నాన్నా' అంటూ కొడుకు బెడ్‌పాన్ అందిస్తాడు. తన చేత్తో తినగలిగినవారిని తిననివ్వాలి. సెలైను తీసిన వేళ కుర్చీలో కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకొని నాలుగడుగులు వేయించాలి. తుంటి ఎముక విరిగినవారినీ, గుండె జబ్బు ఉన్నవారినీ మాత్రం డాక్టరు చెప్పకుండా లేపరాదు. మూత్రపు గొట్టం వేసి ఉంటే, ఇంకా అవసరమా అని అడుగుతూ ఉండాలి.

కేంద్ర ప్రభుత్వం 2010లో ప్రారంభించిన వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లా ఆస్పత్రిలో పది పడకల ప్రత్యేక వార్డు, ఫిజియోథెరపీ సదుపాయం ఉండాలి. ఈ సంగతి చాలామందికి తెలియదు, అడిగి వాడుకోవాలి. ఇంటికి పంపే రోజున పెద్దాయన తనంత తాను లేచి మరుగుదొడ్డిదాకా పోగలుగుతున్నాడో లేదో చూసుకోవాలి. పోలేకపోతే ఇంట్లో ఏం చేయించాలో నర్సును అడిగిన తర్వాతే ఆటో పిలవాలి.