బండి మోసేదెంత? మీరు ఎక్కిస్తున్నదెంత?
చిన్న ట్రాలీలు, పికప్‌లు కొనే రైతులు వేసుకోవాల్సిన లెక్క

ఎడ్లబండి కట్టే రోజుల్లో ఏ ఎద్దు ఎంత లాగుతుందో రైతుకు చెప్పాల్సిన పని ఉండేది కాదు. ఎద్దు ఆయాసపడితే రెండు బస్తాలు దించేవాడు. 2005లో టాటా ఏస్ వచ్చిన తర్వాత చిన్న ట్రాలీలు పల్లెల్లోనూ బాగా తిరుగుతున్నాయి. ఇంజను నోరు తెరిచి ‘ఇక చాలు’ అనదు. పట్టినంత ఎక్కిస్తాం. చివరకు టైరు పగిలో, బ్రేకు పడకో తెలుస్తుంది. కాబట్టి ఎక్కించక ముందే లెక్క వేసుకోండి.

ఆర్సీలోనే ఉంది జవాబు

ఆర్సీలో రెండు బరువులు ఉంటాయి. ‘అన్‌లాడెన్ వెయిట్’ అంటే ఖాళీ బండి బరువు. ‘గ్రాస్ వెయిట్’ అంటే సరుకు, మనుషులు అన్నీ కలిపి బండి ఉండదగ్గ గరిష్ఠ బరువు. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే వచ్చేదే మీరు ఎక్కించదగ్గ బరువు.

గ్రాస్ వెయిట్ 1,550 కిలోలు, ఖాళీ బరువు 800 కిలోలు అనుకోండి. మిగిలేది 750 కిలోలు. ‘75 కిలోల వడ్ల బస్తాలు పది వేయొచ్చు’ అనుకుంటాం. తొందరపడకండి. చట్టం ప్రకారం ఖాళీ బరువులో డ్రైవరు, క్లీనరు బరువు కలపరు. డ్రైవరు, పక్కన ఇద్దరు, మనిషికి 65 కిలోల చొప్పున 195 కిలోలు పోయాయి. తర్వాత మీరు వేయించిన ఇనుప ఫ్రేము, పట్టా, మోకులు 60 కిలోలు అనుకుందాం. ఇక మిగిలింది 495 కిలోలే. అంటే వడ్ల బస్తాలు ఆరు, యూరియా బస్తాలైతే (45 కిలోలవి) పదకొండు. పది బస్తాలు వేస్తే 255 కిలోలు ఎక్కువైనట్టే.

మన కంటికి ఆనని బరువులు

తేమ: 14 శాతం తేమతో 100 కిలోలు తూగే వడ్లు, 22 శాతం తేమ ఉన్నప్పుడు దాదాపు 110 కిలోలు తూగుతాయి. కల్లం నుంచి పచ్చి వడ్లు ఎత్తేటప్పుడు బస్తాల లెక్క నమ్మకండి.

నీళ్లు: లీటరు నీళ్లంటే కిలో. 500 లీటర్ల డ్రమ్ము నిండా నింపితే అర టన్ను. సగం నింపిన డ్రమ్ములో నీళ్లు మలుపులో ఒక పక్కకు కొట్టి బండిని ఊపేస్తాయి.

పశువులు: ఎదిగిన ముర్రా గేదె సుమారు 450-500 కిలోలు ఉంటుంది. చిన్న ట్రాలీలో రెండోది ఎక్కించవద్దు.

పట్టీలు వేస్తే బలం పెరగదు

‘రెండు కమాన్ పట్టీలు అదనంగా వేయించాం, ఇక ఫరవాలేదు’ అంటారు కొందరు. పట్టీలు వేస్తే బండి కుంగదు, అంతే. ఇరుసు, బేరింగులు, బ్రేకులు, టైర్లు పాతవే కదా! పైగా ఆ పట్టీల బరువూ సరుకులోంచే తగ్గించుకోవాలి.

టైరు పక్కన సైజు తర్వాత ఒక అంకె ఉంటుంది. అది కిలోలు కాదు, బరువును తెలిపే గుర్తు. 90 అని ఉంటే ఆ టైరు మోసేది 600 కిలోలు, 100 అని ఉంటే 800 కిలోలు. గాలి తక్కువగా ఉంటే అంత కూడా మోయదు, వేడెక్కి పగులుతుంది. వేసవిలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

ఎక్కడ పెట్టాలి?

ఎడ్లబండికి వెనక బరువెక్కువైతే కాడి పైకి లేచి ఎద్దుల మెడకు ఉరి పడుతుంది. పికప్‌లోనూ అంతే. బరువంతా వెనక చక్రాలకు అవతల పెడితే ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగు పట్టు తప్పుతుంది. బరువైనవి కింద, వెనక ఇరుసుకు కాస్త ముందుగా, రెండు పక్కలా సమంగా సర్దండి. తేలికవి పైన వేయండి.

జరిమానా మాటేమిటి?

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక బరువుకు జరిమానా 20,000 రూపాయలు. ఎక్కువైన ప్రతి టన్నుకూ మరో 2,000. అదనపు సరుకు అక్కడే దించే ఖర్చూ మీదే. సరుకు పక్కలకు, వెనక్కు హద్దు దాటి పొడుచుకు వచ్చినా 20,000. తూకానికి ఆపకుండా పోతే 40,000. మిగిల్చుకున్న ఒక ట్రిప్పు కిరాయి ఎక్కడ, ఈ సొమ్ము ఎక్కడ! ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు పేచీ పెట్టవచ్చు. సరుకు మీద కూలీలను కూర్చోబెట్టి తీసుకెళ్లడం ఎంతమాత్రం తగదు. పోయిన ప్రాణానికి ఏ సొమ్మూ సరిపోదు.

కొనేముందు ఇలా చేయండి

ముందు మీ సరుకు లెక్క చూసుకోండి, బండి తర్వాత. ఏడాదిలో ఎక్కువసార్లు తోలేదేమిటి, ఒక ట్రిప్పుకు ఎన్ని కిలోలు? డబ్బాలు, గోతాల బరువు కూడా కలపండి. దానికి మనుషుల బరువు, ఫ్రేము బరువు చేర్చి, కొంచెం మిగులు ఉండేలా బండి ఎంచుకోండి. ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చే పెద్ద లోడు కోసం పెద్ద బండి అప్పు చేసి కొనక్కర్లేదు, ఆ రోజుకు కిరాయికి మాట్లాడుకోవచ్చు.

పాత బండి కొనేవారు ఆయిలు పోయించి, ఫ్రేముతో సహా వేబ్రిడ్జి మీద ఖాళీగా తూయించండి. ఆర్సీలో అంకెకూ చీటీలో అంకెకూ ఎంత తేడా ఉంటే అంత సరుకు మీకు తగ్గినట్టే. ఆ చీటీ బండిలోనే దాచుకోండి. లోడు ఎక్కించే ప్రతిసారీ పనికొస్తుంది.