ఒక పీస్ ఒక ఎత్తు, వెయ్యి పీసులు మరో ఎత్తు

మీకు తెలుసా?

యాప్ చేసేవాళ్ళు తప్పు దొర్లితే రాత్రికి రాత్రే సరిదిద్ది అప్‌డేట్ పంపేస్తారు. వాచీయో స్కూటరో చేసేవాళ్ళకు ఆ వెసులుబాటు ఉండదు. అమ్మేశాక వస్తువు కొన్నవాళ్ళ ఇంట్లో ఉంటుంది మరి! అందుకే హార్డ్‌వేర్ స్టార్టప్‌లు పెట్టినవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే మాటలన్నీ అచ్చులు, బ్యాటరీలు, సర్టిఫికెట్లు, అడ్వాన్సుల చుట్టూనే తిరుగుతాయి. ఆ లోకంలోంచి కొన్ని సంగతులు.

1. తొలి సరుకుకే 200వ నంబరు

బిల్ హ్యూలెట్, డేవ్ ప్యాకార్డ్ 1939లో 538 డాలర్ల పెట్టుబడితో, కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఒక గ్యారేజీలో కంపెనీ పెట్టారు. వారి మొదటి ఉత్పత్తి ఆడియో ఆసిలేటర్, అంటే శబ్ద పరికరాలను పరీక్షించే యంత్రం. దానికి ‘200ఏ’ అని పేరు పెట్టారు. అంతకు ముందు 199 మోడళ్ళేమీ లేవు. నంబరు చిన్నదైతే కొత్తవాళ్ళని పసిగట్టి కొనేవాళ్ళు జంకుతారని పెద్ద అంకె వేశారంతే. అసలు తెలివి లోపల ఉంది. యంత్రం నిలకడగా పనిచేయడానికి ఖరీదైన సర్క్యూట్ బదులు ఒక చిన్న లైటు బల్బు వాడారు. తర్వాత వచ్చిన 200బీ యంత్రాలను ‘ఫాంటాసియా’ సినిమా శబ్దం పనుల కోసం డిస్నీ స్టూడియో ఎనిమిది కొనుక్కుంది.

2. ఆర్డర్ కాగితమే పెట్టుబడి

1976లో మౌంటెన్ వ్యూలోని ‘బైట్ షాప్’ యజమాని పాల్ టెరెల్, ఒక్కోటి 500 డాలర్ల చొప్పున 50 కంప్యూటర్లు కావాలని స్టీవ్ జాబ్స్‌కు ఆర్డర్ ఇచ్చాడు. విడిభాగాలు కొనడానికి చేతిలో డబ్బు లేదు. జాబ్స్ ఆ ఆర్డర్‌నే చూపించి, 30 రోజుల్లో చెల్లిస్తానని సరుకు అరువు తెచ్చాడు. తీరా అందినవి సర్క్యూట్ బోర్డులే. పెట్టె, కీబోర్డు, పవర్ సప్లై, తెర అన్నీ కొన్నవాళ్ళే సమకూర్చుకోవాలి. అదే ఆపిల్-1. ముందు సరుకు కొనాలి, డబ్బు తర్వాత వస్తుంది. ఈ మధ్య కాలాన్ని ఎలా గట్టెక్కాలన్నదే నేటికీ హార్డ్‌వేర్ వ్యాపారంలో మొదటి తలనొప్పి.

3. ప్లాస్టిక్ మగ్గు తిరగేసి చూడండి

అడుగున మధ్యలో చిన్న గరుకు బొడిపె తగులుతుంది. కరిగిన ప్లాస్టిక్ అచ్చులోకి దూరిన ద్వారం అదే. పక్కల సన్నని గీత కనిపిస్తే, అచ్చు రెండు ముక్కలూ కలిసిన చోటు అది. గుండ్రటి మచ్చలుంటే, చల్లారిన వస్తువును బయటికి నెట్టిన పిన్నుల గుర్తులు. గోడలు నిటారుగా కాక పైకి వెళ్ళేకొద్దీ కాస్త విచ్చుకుంటాయి. ఆ వాలు లేకపోతే వస్తువు అచ్చులోంచి ఊడి రాదు.

ఈ ఉక్కు అచ్చునే పరిశ్రమలో ‘డై’ అంటారు. ఖరీదు లక్షల్లో ఉంటుంది. ఉక్కును చెక్కి తీసేయడం తేలిక, తీసినదాన్ని మళ్ళీ అతికించడం కష్టం. అందుకే అనుభవమున్న డై మేకర్లు మొదట్లో ఉక్కు కొంచెం ఎక్కువే ఉంచుతారు. వస్తువు మరీ పలచగా వస్తే ఇంకాస్త చెక్కి మందం పెంచుకోవచ్చు. ముందే ఎక్కువ చెక్కేస్తే సరిదిద్దడం తలకు మించిన పని. ఈ విద్య నేర్పే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ హైదరాబాద్ బాలానగర్‌లో 1968 నుంచీ ఉంది.

4. నూటికి 99 మార్కులొచ్చినా ఫెయిలే

ఒక పరికరంలో వంద భాగాలున్నాయనుకుందాం. ఒక్కో భాగం సరిగ్గా ఉండే అవకాశం 99 శాతం. అన్నీ సరిగ్గా కుదిరిన పరికరాలు ఎన్ని వస్తాయి? లెక్క కడితే నూటికి 37 మాత్రమే! అదే 99.9 శాతమైతే 90 దాటుతాయి. అందుకే సరుకును మూడు మెట్లలో పరీక్షిస్తారు. ఈవీటీలో, అంటే ఇంజినీరింగ్ పరీక్షలో, అసలు పనిచేస్తుందా అని చూస్తారు. డీవీటీలో, అంటే డిజైన్ పరీక్షలో, కింద పడేసి, తడిపి, వేడిచేసి చూస్తారు. పీవీటీలో, అంటే ఉత్పత్తి పరీక్షలో, అసలైన లైను మీద, అసలైన కార్మికులతో, అసలైన వేగంతో తయారుచేసి చూస్తారు. ఇంజినీర్ బల్ల మీద ముద్దుగా పనిచేసిన వస్తువు మూడో మెట్టులో మొండికేయడం మామూలే.

5. ఒక్క జాక్ తేడా, ఒక్క ముద్ర కొరత

బ్రిటన్‌లో రూపొందిన చిన్న కంప్యూటర్ రాస్ప్‌బెర్రీ పై 2012 ఫిబ్రవరి 29న అమ్మకానికి వచ్చింది. జనం ఎగబడి అమ్మే సైట్లు స్తంభించాయి. ఇంతలో చైనా ఫ్యాక్టరీలో నెట్‌వర్క్ జాక్ ఒక రకానికి బదులు మరో రకం అతికించారని తేలింది. పైకి చూస్తే రెండూ ఒకటే, లోపల ఉండాల్సిన అయస్కాంత భాగం మాత్రం లేదు. వాటిని ఊడదీసి మార్చాల్సి వచ్చింది. అది సర్దుకునేసరికి, యూరప్ భద్రతా ముద్ర ‘సీఈ’ లేనిదే పంపిణీ చేయబోమని డీలర్లు పట్టుబట్టారు. పరీక్షలు ఏప్రిల్‌లో గానీ పూర్తికాలేదు.

6. బ్యాటరీకి ఎనిమిది పరీక్షలు

లిథియం బ్యాటరీ రవాణా కావాలంటే ఐక్యరాజ్యసమితి 38.3 నిబంధన ప్రకారం ఎనిమిది రకాల పరీక్షలున్నాయి. 72 డిగ్రీల వేడి, మైనస్ 40 డిగ్రీల చలి, విమానం ఎగిరే ఎత్తులోని తక్కువ గాలి ఒత్తిడి, కుదుపులు, షార్ట్ సర్క్యూట్ అన్నీ ఇందులోవే. లిథియం అయాన్ బ్యాటరీలను విడిగా కార్గో విమానంలో పంపితే చార్జింగ్ 30 శాతం మించకూడదన్న నియమం 2016 నుంచి అమల్లో ఉంది.

7. ఫిబ్రవరి గండం

సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టే, చాంద్రమాన కొత్త సంవత్సరానికి చైనాలోని షెంజెన్ ఖాళీ అవుతుంది. ఫ్యాక్టరీలు వారాల తరబడి మూతపడతాయి. ఊరెళ్ళిన కార్మికుల్లో కొందరు తిరిగి రారు. కొత్తవాళ్ళ చేయి కుదిరేదాకా నాణ్యత కాస్త తగ్గుతుంది. అనుభవమున్నవాళ్ళు క్యాలెండర్‌లో ముందుగా గుర్తు పెట్టుకునే పండగ ఇదే.

8. వాపు చూసి బలుపనుకుంటే

మిక్సీ, స్పీకర్ బిగించిన ‘కూలెస్ట్ కూలర్’ అనే ఐస్‌పెట్టెకు 2013 చలికాలంలో కిక్‌స్టార్టర్ వెబ్‌సైట్‌లో చందాలు అడిగితే లక్ష్యం అందలేదు. 2014 ఎండాకాలంలో మళ్ళీ అడిగితే 62 వేలమందికి పైగా కలిసి 1.3 కోట్ల డాలర్లు ఇచ్చారు. తయారీ ఖర్చు మాత్రం తీసుకున్న ధరను దాటిపోయింది. డబ్బు కోసం దుకాణంలో ఎక్కువ ధరకు అమ్ముకుంటుంటే, ముందే కట్టినవాళ్ళు ఎదురుచూస్తూ మండిపడ్డారు. 2019లో కంపెనీ మూతపడింది. వేలమందికి పెట్టె అందనేలేదు.

9. కొండను తవ్వి ఎలుకను పట్టారు

జ్యూసెరో యంత్రం ధర మొదట్లో 699 డాలర్లు. కంపెనీ అమ్మే పళ్ళు, కూరగాయల ముక్కల ప్యాకెట్టును టన్నుల బలంతో పిండి రసం తీసేది. వైఫై లేనిదే పనిచేసేది కాదు. దీనికి దాదాపు 12 కోట్ల డాలర్ల పెట్టుబడి వచ్చింది. 2017 ఏప్రిల్‌లో బ్లూమ్‌బెర్గ్ విలేఖరులు అదే ప్యాకెట్టును చేత్తో పిండి చూపించారు. రసం ఇంచుమించు అంతే వచ్చింది! సెప్టెంబరుకల్లా కంపెనీ దుకాణం కట్టేసింది.

10. బ్యాటరీ చేద్దామనుకుంటే స్కూటరైంది

ఐఐటీ మద్రాస్‌లో చదివిన తరుణ్ మెహతా, స్వప్నిల్ జైన్ మొదట అనుకున్నది బ్యాటరీ ప్యాక్ మాత్రమే. అప్పటి ఎలక్ట్రిక్ స్కూటర్లు మంచి బ్యాటరీ పెట్టినా బాగుపడేలా లేవని తేలడంతో స్కూటర్ మొత్తం తామే చేయాలనుకున్నారు. 2013లో ఏథర్ ఎనర్జీ మొదలైంది. 2016లో బండిని చూపించారు. బెంగళూరులో కొన్నవాళ్ళ చేతికి వచ్చింది 2018లో.

11. మన ఊళ్ళో రాకెట్

ఇస్రోలో పనిచేసిన పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా 2018లో హైదరాబాద్‌లో స్కైరూట్ స్థాపించారు. వారి విక్రమ్-ఎస్ 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి 89.5 కిలోమీటర్ల ఎత్తుకు ఎగిరింది. దేశంలో ప్రైవేటు కంపెనీ రాకెట్ నింగికెగరడం అదే మొదలు. ఎనిమిది రోజుల తర్వాత హైదరాబాద్‌కే చెందిన ధ్రువ స్పేస్ తన రెండు థైబోల్ట్ ఉపగ్రహాలను పీఎస్ఎల్వీలో పంపింది. రాయదుర్గంలో తెలంగాణ ప్రభుత్వం కట్టిన టీ-వర్క్స్ 2023 మార్చిలో తెరుచుకుంది. ఆలోచన చేతిలో ఉండి యంత్రాలు లేనివాళ్ళు అక్కడ నమూనా తయారుచేసుకోవచ్చు. నమూనా చేతికొచ్చాక ఎవరికైనా చూపిస్తే ‘భలే ఉంది’ అంటారు. పెట్టుబడి పెట్టేవాళ్ళు మాత్రం వేరే ప్రశ్న వేస్తారు: “ఇలాంటివి వెయ్యి చేస్తే ఎన్ని వెనక్కి వస్తాయి?” దానికి జవాబు దొరికిన రోజే కంపెనీ మొదలైనట్టు.