త్రీనాట్‌త్రీ చెప్పని రహస్యము

1747లో నిర్మితమైన జగిత్యాల నక్షత్రదుర్గమున ఫిరంగులను చూచి మరలు కోరుట్ల, సిరిసిల్ల వాసులలో, 1948లో ఆకాశమార్గమున నిజాం సీమకు దిగిన తుపాకుల కథ నెరిగినవారు అరుదు. సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికుడు, 1939లో లాక్‌హీడ్ విమానపు అడుగున కెమెరాలను దాచి, వ్యాపారివేషమున తిరుగుచు, బ్రిటిష్ గూఢచారిశాఖకై జర్మనీ స్థావరముల ఛాయాచిత్రములను దొంగిలించిన ఘటికుడు. ఆతడే తొమ్మిదేండ్ల పిదప, భారతప్రభుత్వపు దిగ్బంధమును తప్పించుకొని, కరాచీనుండి లాంకాస్ట్రియన్ విమానములలో హైదరాబాదు సంస్థానమునకు ఆయుధములు చేరవేసెను. యుద్ధము ముగిసినను వేగువాని చేతివాటము పోవునా!

అట్లు దిగినదని చెప్పబడు పాత త్రీనాట్‌త్రీ (.303) తుపాకి పుట్టుపూర్వోత్తరములు తెలియగోరువారు, మొదట బోల్టుపిడి వెనుక, కొయ్యమడమ అతుకుకొను ఉక్కుపట్టీని గుడ్డతో తుడిచి చూడవలెను: కిరీటముద్ర, దాని క్రింద జీ.ఆర్. వంటి రాజాక్షరములు, కర్మాగారము పేరు, సంవత్సరము కానవచ్చును. ఇషాపూరు అని యున్నచో అది బెంగాలున పుట్టినది. అయితే ఆ ముద్ర జన్మస్థలమునే చెప్పును గాని, ఏ రాత్రి ఏ విమానమున దిగెనో చెప్పదు. కావున ముద్ర నొక్కదానినే చూపి గూఢచారి తుపాకి యని బేరమాడువారిని నమ్మరాదు.

ఆయుధములు దిగినను, 1948 సెప్టెంబరు 17న హైదరాబాదు సంస్థానము భారతసేనకు లొంగిపోయెను. ఈ ఆయుధరవాణాకై ఇంగ్లండు న్యాయస్థానము కాటనుకు విధించిన జరిమానా 200 పౌండ్లు.