తెరచాప గుడ్డ: ముఖ్యం మందం కాదు, సాగకపోవడం

మైపాడు, తూపిలిపాళెం, కోడూరు ఒడ్డున ఇవాళ వినబడేది ఇంజన్ల మోతే. ఫైబర్ పడవలొచ్చాక తెరచాప వెనకబడిపోయింది. పులికాట్ సరస్సులో మాత్రం చాప ఎత్తిన పడవలు అక్కడక్కడా ఇంకా కనిపిస్తాయి. వాడకం తగ్గేకొద్దీ ఆ గుడ్డ గురించి తెలిసినవాళ్లూ తగ్గారు, అపోహలు పెరిగాయి. చాలా అపోహలకు మూలం ఒక్కటే: తెరచాప అంటే గాలిని పట్టే సంచి అనుకోవడం.

అపోహ: గాలి వెనక నుంచి తోస్తేనే పడవ కదులుతుంది, ఏ గుడ్డ కట్టినా సరిపోతుంది.

నెల్లూరు తీరం ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది. తెల్లవారుజామున నేల మీది నుంచి గాలి సముద్రం వైపు వీస్తుంది, మధ్యాహ్నం సముద్రపు గాలి ఒడ్డుకు మళ్లుతుంది. ఒకటి తెప్పను లోపలికి తీసుకుపోతుంది, ఇంకొకటి తిరిగి తెస్తుంది. అంతవరకూ తోసుడే. కానీ ఒడ్డు వెంబడి కృష్ణపట్నం నుంచి పైకో కిందికో పోవాలంటే ఈ రెండు గాలులూ పక్క నుంచే తగులుతాయి. అప్పుడు తెరచాప చేసే పని వేరు. వంపు తిరిగిన గుడ్డకు రెండు వైపులా గాలి పారుతుంది. గాలి చాటు వైపున ఒత్తిడి తగ్గి చాప అటు లాగబడుతుంది. పడవ పక్కకు జారకుండా నీళ్లలోకి దించిన పలక అడ్డుకుంటుంది, అందుకే పడవ ముందుకు కదులుతుంది. ఇదంతా ఆ వంపు నిలిచినంత సేపే. గుడ్డ సాగితే పొట్ట లోతవుతుంది, వెనక్కి జరుగుతుంది. పడవ ముందుకు పోవడం తగ్గి పక్కకు ఒరగడం ఎక్కువవుతుంది.

అపోహ: గుడ్డ ఎంత మందమైతే చాప అంత మంచిది.

జేబురుమాలును పడుగు వెంబడి లాగండి, పేక వెంబడి లాగండి. పెద్దగా కదలదు. ఇప్పుడు మూల నుంచి మూలకు లాగండి, ఇట్టే సాగుతుంది. వెంకటగిరి మగ్గం ముందు కూర్చున్నవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. తెరచాప కుట్టేవాళ్ల నేర్పంతా ఈ ఐమూల సాగుడును అదుపు చేయడంలోనే ఉంది. మామూలు మూడు మూలల చాపలో బరువు ఎక్కువగా పడేది వెనక అంచు మీద. అందుకే పేక దారం ఆ అంచు వెంబడి నడిచేలా గుడ్డ పట్టీలను అడ్డంగా అమరుస్తారు. అలాంటి చాపల కోసం నేసే గుడ్డలో పడుగు కన్నా పేకనే గట్టిగా వేస్తారు. మందం పెంచితే బలం వస్తుంది, నిజమే. అయితే చిన్న గాలికి ఆ బరువైన గుడ్డ వేలాడిపోతుంది, వంపే తీసుకోదు.

బరువు లెక్కలోనూ ఒక చిక్కుంది. పాలియెస్టర్ తెరచాప గుడ్డను ఔన్సుల్లో చెబుతారు. ఆ ఔన్సులు చదరపు గజానికి కావు, 36 అంగుళాల పొడవు, 28.5 అంగుళాల వెడల్పున్న ముక్కకు. ఒక్కో ఔన్సుకు చదరపు మీటరుకు సుమారు 43 గ్రాములు పడుతుంది. నూలు కాన్వాస్‌ను నంబర్లతో అమ్మే పద్ధతి దీనికి తిరగబడి ఉంటుంది. అక్కడ నంబరు చిన్నదైతే గుడ్డ బరువు, పెద్దదైతే పల్చన. పెద్ద నంబరు చూసి దిట్టమైన గుడ్డ అనుకుంటే మోసపోతాం.

అపోహ: డాక్రాన్, టెరిలీన్, నైలాన్ మూడూ వేర్వేరు గుడ్డలు. లేదా, మూడూ ఒకటే ప్లాస్టిక్.

రెండూ తప్పే. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే రసాయన శాస్త్రవేత్తలు కనిపెట్టిన పాలియెస్టర్ దారానికి అక్కడి పేరు టెరిలీన్. మన పెద్దవాళ్లు ముచ్చటపడి కుట్టించుకున్న టెర్లిన్ చొక్కా అదే. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ పెట్టుకున్న పేరు డాక్రాన్. నైలాన్ మాత్రం వేరే. అది బాగా సాగుతుంది కనుక వెనక గాలికి ఎత్తే బుడగలాంటి పెద్ద చాపకే పనికొస్తుంది. 1965లో స్టెఫనీ క్వోలెక్ పరిశోధనలో బయటపడ్డ కెవ్లార్ అనే దారం దాదాపు సాగదు. కానీ ఎండకూ, పదేపదే మడతలకూ తట్టుకోలేదు.

కొత్త డాక్రాన్ కాగితంలా గరగరలాడుతుంది. ఆ బిరుసు దారానిది కాదు, గుడ్డకు పట్టించిన రెజిన్‌ది. ఐమూల సాగుడును పట్టి ఉంచేది ఆ పూతే. చాప మెత్తబడితే వాడకానికి బాగా అలవాటు పడిందని సంతోషిస్తారు కొందరు. పూత విరిగిపోయి వంపు చెడటం మొదలైందని దానర్థం.

అపోహ: నూలు చాప నాసిరకం, గతిలేక వాడారు.

ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. ఇంగ్లీషువాళ్లు 1626లో దుగరాజపట్నంలో కోఠీ పెట్టుకుంది ఈ తీరపు నూలు గుడ్డల కోసం. ఆ నూలును తెరచాపగా తక్కువ చేసి చూడటానికి కారణం లేదు. 1851లో ఇంగ్లండులో వైట్ దీవి చుట్టూ జరిగిన పందెంలో ‘అమెరికా’ అనే పడవ నూలు చాపలతో గెలిచింది. పోటీపడిన ఇంగ్లీషు పడవల అవిసె నార చాపలు గాలికి సాగి సంచుల్లా ఉబ్బితే, దాని చాపలు చదునుగా నిలిచాయి. ఆ తరవాత పందెపు పడవలు నూలుకు మళ్లాయి.

నూలు తడిస్తే బలహీనపడుతుందనుకోవడమూ పొరపాటే. పోగులు ఉబ్బి నేత సందులు మూసుకుంటాయి, దారం బలం కూడా కొంత పెరుగుతుంది. ఓడల కాలంలో గాలి పల్చబడితే చాపల మీద నీళ్లు చల్లింది అందుకే. నూలుకు అసలు శత్రువు బూజు. తడి చాపను మడిచి పెడితే కుళ్లుతుంది. చెట్ల బెరడు కషాయంలో నానబెట్టి ఎర్రమట్టి రంగు తేల్చే పాత పద్ధతి అందం కోసం కాదు, ఆ కుళ్లును ఆపడానికి.

అపోహ: చాపను తినేసేది ఉప్పునీరు.

పాలియెస్టర్‌ను ఉప్పు కుళ్లబెట్టదు, ఎండ తినేస్తుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు దారాన్ని, అంతకన్నా ముందు కుట్టును పెళుసు చేస్తాయి. ఎరువుల బస్తాలు విప్పి కుట్టిన చాప చవకే. కానీ అది పాలీప్రొపిలీన్. ఎండకు తట్టుకునే మందు కలపని రకమైతే మన ఎండల్లో నెలల్లోనే పొడిపొడిగా రాలుతుంది. నీలం టార్పాలిన్ కాస్త నయం, అయినా ఎడతెగని లాగుడుకు సాగి మళ్లీ వెనక్కి రాదు. ఉప్పు చేసే చెరుపు వేరు: ఎండిన రవ్వ దారాల మధ్య రాపిడి పెడుతుంది, తేమను పట్టి ఉంచుతుంది. మంచినీళ్లతో కడిగి, నీడన ఆరేసి, మడవకుండా చుట్టిపెడితే ఆ రెండూ తప్పుతాయి. పడవ ఒడ్డున ఉన్నప్పుడు చాపను కొయ్యకే వదిలేయకుండా దించి కప్పి ఉంచాలి.