ఉద్దానపు మన్ను – ఎక్సు కిరణముల సాక్ష్యము

నేల రైతునకు మూలధనము. తన పెట్టెలో రొక్కమెంత యున్నదో యెరుగని గృహస్థుడుండడు. కాని తన తోటమట్టిలో ఏ లోహము ఎంత పాలు కలదో యెరిగిన భూస్వామి మనలో అరుదు. ఇతర ప్రాంతములందీ అజ్ఞానము పంటనష్టమునకు మాత్రమే హేతువు. ఉద్దానమున నిది ప్రాణములతో ముడివడిన ప్రశ్న.

పలాస మొదలు ఇచ్ఛాపురము వరకు సముద్రతీరమున వ్యాపించిన కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల సీమకు ఉద్యానమను మాటనుండియే ఉద్దానమను పేరు వచ్చెనందురు. అట్టి సీమలో మూత్రపిండముల వ్యాధి కొన్ని దశాబ్దములుగ కాపురములను కూల్చుచున్నది. మధుమేహముగాని రక్తపుపోటుగాని లేని కష్టజీవులు సైతము దీనికి లోనగుచున్నారు. 2023 డిసెంబరు 14వ తేదీన పలాసలో రెండువందల పడకల ఆసుపత్రియు, పరిశోధన కేంద్రమును ప్రారంభింపబడినవి. హిరమండలము జలాశయమునుండి మంచినీరు తెచ్చు పథకమును ఆనాడే ప్రారంభమయ్యెను. ఇవి హర్షింపదగిన కార్యములే. అయినను వ్యాధి కారణము నేటికిని నిశ్చయము కాలేదు. ఎండలో చెమటోడ్చి తగినంత నీరు త్రాగకపోవుట కారణమని కొందరు, బావినీటిలోని పదార్థములని కొందరు, పురుగుమందులని కొందరు, లోహములని కొందరు వాదించుచున్నారు. సింహళమునందును మధ్య అమెరికాయందును ఇట్టి వ్యాధియే ఇట్టి వాదములనే రేపినది.

ఈ వాదములలో మన్ను పేరు తరచుగ వినబడును. కొలిచి చూడక మన్నును నిందించుట ఆ మన్నుమీద బ్రతుకువారికి అన్యాయము. కొలువకయే నిర్దోషియనుట రోగికి అన్యాయము. కావున కొలుచుటకు నేడు మన చేతికందిన సాధనమొకదానిని గూర్చి పాఠకులకు విన్నవింప దలచినాము.

తుపాకి పిడివంటి పిడి గలిగి, ఒక చేత పట్టదగిన యంత్రమిది. దీని మూతినుండి వెలువడు ఎక్సు కిరణములు మట్టిలోని పరమాణువును తాకి లోపలి కక్ష్యయందలి ఎలక్ట్రానును పెకలించును. ఆ ఖాళీలోనికి వెలుపలి కక్ష్యనుండి మరియొకటి దిగునపుడు కొత్త ఎక్సు కిరణము పుట్టును. దాని శక్తి ఒక్కొక్క మూలకమునకు ఒక్కొక్క విధము. ఇనుపది ఇనుపదే, రాగిది రాగిదే. ఈ నియమమును 1913లో మోస్లే అను ఆంగ్ల యువకుడు స్థాపించెను. రెండేండ్లకే అతడు గల్లిపోలి యుద్ధభూమియందు హతుడయ్యెను. నేటి యంత్రము ఆ కిరణములను లెక్కించి, ఒకటి రెండు నిమిషములలో ఏ మూలకము ఎంత కలదో తెలుపును.

మన సీమకిది ఎట్లుపయోగించును? కేంద్ర ప్రభుత్వము 2015లో ప్రవేశపెట్టిన భూసార పత్రములో పండ్రెండు గుణములు చూపబడును. పంటకు అవి చాలును. కాని వానిలో సీసము లేదు, ఆర్సెనిక్ లేదు. ఈ చేతియంత్రము ఆ లోటు కొంత తీర్చగలదు. కొబ్బరి మొవ్వకుళ్లునకు బోర్డో మిశ్రమము ఏండ్ల తరబడి వాడిన తోటలో రాగి పేరుకొన్నదా యని వెంటనే చూపగలదు. భావనపాడు తీరపు ఇసుకలో సహజముగనే గల టైటానియము, జిర్కోనియములను గుర్తింపగలదు. టెక్కలి గ్రానైటు గనుల చెంతనున్న పొలపుమట్టిని దూరపు పొలపుమట్టితో పోల్చగలదు.

అయితే సాక్షి యెంత మంచివాడైనను చూడనిదానిని చెప్పరాదు. ఈ యంత్రమునకు నత్రజని కానరాదు, ఫ్లోరిను కానరాదు. పురుగుమందు అణువు దీనికి అగోచరము. ఫాస్ఫేటు ఎరువుల వెంట వచ్చు కాడ్మియము సాధారణముగ కిలో మట్టికి ఒక మిల్లీగ్రామునకు లోపుగ నుండును. అంత స్వల్పమును ఇది పట్టలేదు. సీసము, ఆర్సెనిక్‌ల ముఖ్య కిరణములు దాదాపు ఒకే శక్తి గలవగుటచే సీసము మిక్కుటమైన చోట ఆర్సెనిక్ లెక్క చెడును. త్రాగునీటిలో ఆర్సెనిక్ లీటరునకు నూరవవంతు మిల్లీగ్రాము మించరాదని మన ప్రమాణము. బావినీటిలో అంత సూక్ష్మమును కొలుచుట దీని తరము కాదు. అన్నిటికి మించి, ఇది మట్టిలోని మొత్తమును చెప్పునేగాని, అందు ఎంత వేరునకు చేరునో, ఎంత దేహమునకు చేరునో చెప్పదు. కావున యంత్రము ఏమియు చూపలేదను ఒక్క మాటతో ఏ అధికారియు ఈ సీమకు శుద్ధిపత్రము వ్రాసి యీయరాదు. అంకె పెద్దదిగ కనబడెనని ఎవరును గ్రామమును భయపెట్టరాదు.

పరీక్షకును పద్ధతి కలదు. తడిమట్టి అంకెలను తగ్గించి చూపును. కావున మట్టిని ఆరబెట్టి, రాళ్లు వేళ్లు ఏరి, నూరి జల్లించి చూపవలెను. ముందుగ నిర్ణీత ప్రమాణపుమట్టితో యంత్రమును సరిచూడవలెను. కిరణముల వలన హాని కలదు గనుక శిక్షణ పొందినవారే పట్టవలెను. మనుష్యులవైపు త్రిప్పరాదు, మట్టిపొట్లమును చేత పట్టుకొని చూపరాదు.

లక్షల వెలగల ఈ సాధనమును ఒక్కొక్క రైతు కొనజాలడు, కొననవసరమును లేదు. నైరా వ్యవసాయ కళాశాలయో, ఎచ్చెర్ల విశ్వవిద్యాలయమో, పలాస పరిశోధన కేంద్రమో దీనిని చేపట్టి, ప్రతి గ్రామమున కొబ్బరి పాదులు, జీడితోటలు, వరిమడులు, నూతుల గట్లు విడివిడిగ పరీక్షింపవలెను. అనుమానము తోచిన మట్టిని, దానితోపాటు అనుమానము లేని మట్టిని కొంత, పెద్ద ప్రయోగశాలకు పంపి సరిచూడవలెను. ఫలితములను తెలుగులో వ్రాసి పంచాయతీ గోడపై అంటింపవలెను. మట్టి ఇచ్చినవానికి లెక్క దాచు పరిశోధన ప్రజల విశ్వాసమునకు పాత్రము కాదు.

ఆలస్యము చేయరాదనుటకు మరియొక కారణము కలదు. సంతబొమ్మాళి మండలమున మూలపేట రేవునకు 2023లో శంకుస్థాపన జరిగినది. రేవు వెంట రహదారులు, గిడ్డంగులు, కర్మాగారములు వచ్చుట సహజము. మేము వానికి విరోధులము కాము. కాని నేటి మట్టి లెక్క నేడే వ్రాసి యుంచనిచో, రేపు మట్టి మారినదని రైతు మొరపెట్టినపుడు అతని చేత రుజువేమి యుండును? భూమికి దస్తావేజు ఎట్లో, భూమి గుణమునకు ఈ లెక్క అట్లు. ఉద్దానపు భూస్వాములు, పలాస జీడి వర్తకులు, టెక్కలి పురప్రముఖులు ఏకమై ఈ లెక్కను కోరవలెను. కోరినవారు తమ తోటనే మొదటి పరీక్షకు ఇచ్చిన ఇంకను మేలు.