బొమ్మ క్రింది మాటలు

పిల్లలూ! ఎవరూ బలవంతం చేయకుండానే మనచేత చదివించే పత్రికలు కొన్ని ఉంటాయి.

నాలుగు చక్రాల పలకపై నిలబడి, ఒక కాలితో నేలను తన్నుతూ దొర్లిపోయే ఆటను స్కేట్‌బోర్డింగ్ అంటారు. ఆ ఆట కోసమే 1981లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో 'త్రాషర్' అనే పత్రిక మొదలైంది. ఆటపై మోజున్న కుర్రవాడు ముందు బొమ్మ చూస్తాడు. అంత ఎత్తుకు ఎలా ఎగిరారో తెలియాలంటే క్రింది మాటలు చదవాలి. తెలియని మాట వచ్చినా భయపడడు. సగం అర్థం అతనికి ఆటే చెబుతుంది.

మన భాషలో ఈ పని 'చందమామ' చేసింది. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు దానిని మద్రాసులో ప్రారంభించారు. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకొని నడిచే బొమ్మ చూశాక, బేతాళుడు ఏమడిగాడో చదవకుండా ఉండగలమా? పైగా రెండు ఫోటోలు అచ్చువేసి, వాటికి తగిన వ్యాఖ్యలు వ్రాసి పంపమనేవారు. చదివేవాడు వ్రాసేవాడయ్యాడు! ఆ పత్రిక అచ్చు ఆగిపోయింది. పాత సంచిక దొరికితే వదలకండి.

బోటాటౌంగ్ వీధుల్లో మీకు కనిపించేవి బర్మా అక్షరాలు. ఇంట్లో తెలుగు చక్కగా మాట్లాడుతూ, అక్షరం దగ్గర తడబడే పిల్లలను చూస్తుంటాను. వారికి వ్యాకరణం కంటే ముందు చిన్‌లోన్ ఆట గురించి నాలుగు వాక్యాలు ఇవ్వాలనిపిస్తుంది. పేముతో అల్లిన బంతి, చుట్టూ ఆరుగురు, చేయి తగలకూడదు, పాదంతోనో మోకాలితోనో బంతిని నేల తాకకుండా ఆపాలి. ఇక్కడ 'మోకాలు' అంటే ఏమిటని ఎవరూ అడగరు.

ఈ ఆటలోని మెళకువలు నాకంటే మీకే బాగా తెలుసు. ఒక బొమ్మ వేసి, క్రింద రెండు వాక్యాలు తెలుగులో వ్రాసి తెండి. తరగతి గోడకు అంటిద్దాం.