నేల మారిందా, కెమెరా మారిందా?

2001 ఫిబ్రవరి 9న భారత ఉపగ్రహం ఐఆర్ఎస్-1డి కొల్లేరు మీదుగా సాగుతూ ఓ చిత్రం తీసింది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు బృందం దాన్ని విశ్లేషించి, 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో సుమారు 42 శాతం చేపల చెరువులుగా మారిపోయిందని 2004లో వెల్లడించింది. 2006లో ఐదో కాంటూరు లోపలి చెరువులను ప్రభుత్వం తొలగించింది. అక్కడ ఒక గట్టు ఎటువైపు ఉందన్నది ఒక కుటుంబం బతుకుతెరువుకు సంబంధించిన ప్రశ్న. మరి అంత ఎత్తు నుంచి తీసిన చిత్రాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

ఆ చిత్రాన్ని తీసిన లిస్-3 కెమెరా మనకు రంగులను కాదు, అంకెలను పంపుతుంది. నేల నుంచి వచ్చే కాంతి ఎంత ఎక్కువగా ఉంటే అంకె అంత పెద్దది. పరారుణానికి దగ్గరి కాంతిని నీరు పీల్చుకుంటుంది, గుర్రపుడెక్క వంటి పచ్చదనం బాగా వెనక్కి పంపుతుంది. అందుకే నీరు నల్లగా, కలుపు ప్రకాశవంతంగా నమోదవుతాయి. తిన్నని గట్ల వల్ల చేపల చెరువులను గుర్తుపట్టవచ్చు.

చిక్కల్లా రెండు కాలాల చిత్రాలను పోల్చేటప్పుడే. 2011లో ప్రయోగించిన రిసోర్స్‌శాట్-2లోనూ లిస్-3 ఉంది. కానీ పాత కెమెరా కాంతిని 128 మెట్లుగా విభజిస్తే, ఇది 1,024 మెట్లుగా విభజిస్తుంది. కాబట్టి పాత చిత్రంలోని 100, కొత్త చిత్రంలోని 100 ఒకటి కావు. పైగా అంతరిక్షంలో ఏళ్లు గడిచేకొద్దీ డిటెక్టర్ల సున్నితత్వం మారుతుంది. సూర్యుడి ఎత్తు, గాలిలోని పొగమంచు కూడా అంకెలను మారుస్తాయి. వీటిని సరిచేయకపోతే, కదలని నేల కూడా మారినట్టే కనిపిస్తుంది.

ఈ సరిదిద్దే పనే క్యాలిబ్రేషన్. కెమెరాలోనే అమర్చిన ఎల్‌ఈడీల వెలుగుతో డిటెక్టర్లను పరీక్షిస్తారు. గుజరాత్‌లోని కచ్ రణ్ వంటి చదునైన, ఒకే తీరుగా ఉండే తెల్లని ఉప్పు నేలలూ ఇందుకు పనికొస్తాయి. ఉపగ్రహం పైనుంచి వెళ్లే వేళకే శాస్త్రవేత్తలు ఆ నేల ఎంత కాంతిని వెనక్కి పంపుతోందో కింద నుంచి కొలుస్తారు. ఆ కొలతతో కెమెరా అంకెలను సరిచూస్తారు. అమెరికా ఉపగ్రహం ల్యాండ్‌శాట్-8 అయితే ఇదే పనికి నెలకోసారి చంద్రుడి వైపు తిరుగుతుంది.

వెలుగుతో పాటు చోటు కూడా సరిపోవాలి. లిస్-3 చిత్రంలో ఒక పిక్సెల్ 23.5 మీటర్ల చదరం, అంటే సుమారు 14 సెంట్లు. చతురస్రాకారపు ఎకరం నేల ఒక్కో వైపు మూడు పిక్సెళ్లు కూడా ఉండదు. రెండు చిత్రాలను ఒకదానిపై ఒకటి పేర్చినప్పుడు ఒక్క పిక్సెల్ పక్కకు జరిగితే, ఆ ఎకరంలో మూడో వంతుకు పైగా పొరుగువారి ఖాతాలో పడుతుంది. అందుకే కదలని రోడ్డు కూడళ్లు, కాలువ వంతెనల ఆధారంగా చిత్రాలను సరిపేరుస్తారు.

రుతువునూ మరవకూడదు. బుడమేరు, తమ్మిలేరు వరద తెచ్చే నెలల్లో కొల్లేరు తనంతట తానే విస్తరిస్తుంది, వేసవిలో కుదించుకుపోతుంది. ఫిబ్రవరి చిత్రాన్ని ఫిబ్రవరితోనే పోల్చాలి.

ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా ఉపగ్రహ చిత్రం విశాలమైన సరస్సులో వచ్చిన మార్పును నమ్మకంగా చెబుతుందే గానీ, ఒక్క గట్టు తగాదాను తేల్చలేదు. దానికి సర్వేయరు కొలత సామగ్రితో ఆ గట్టు మీదికే వెళ్లాలి.